తెర మీద మా పల్లె రంగు

నల్లగొండ ఆఫీసుల గోడకు పెద్ద టీవీ ఒకటి ఉంటది. టీవీ అని నేనంటున్న గానీ అండ్ల పాటలు రావు, సీరియల్లు రావు. మా మండలం పటం ఉంటది, పటం మీద చుక్కలుంటయి. ఒక్కో చుక్క ఒక్కో పల్లె. తాగే నీళ్లు మంచిగున్న పల్లె చుక్క ఆకుపచ్చగ ఉంటది, ఫ్లోరైడు ఉన్న పల్లె చుక్క ఎర్రగ ఉంటది. ఆ దినం మా నీళ్ల సంస్థ పెద్దసారు కట్టె పట్టుకోని మా పల్లె చుక్క మీద పెట్టి, "అమ్మా, మీది ఆకుపచ్చ. అందరు చప్పట్లు కొట్టుండ్రి" అన్నడు. కొట్టిండ్రు. నేను గుడ కొట్టిన. ఆ చప్పట్లు తల్సుకుంటె ఇప్పటికీ అరిచేతులు మండుతయి.

నేనెవలో చెప్పాలె గదా. మాది మర్రిగూడ దిక్కు, ఊరికి ఎడంగ ఉన్న చిన్న పల్లె. మా మామ కాలంల ఇంట్ల గుంత మగ్గం ఉండె. మా ఆయన కాలానికి ఆ గుంత పూడ్చి, ఉన్న రెండెకరాల్ల పత్తి పెట్టిండ్రు. నాకు సదువు లేదు. సంతకం గీకుత, అంకెలు సదువుత. మామ మగ్గం కాడ పడుగు పోగులు లెక్కవెట్టి లెక్కవెట్టి అంకెలు వచ్చినయి, ఆ తర్వాత ఫోను నంబర్లు, బస్సు నంబర్లు. అక్షరాలైతె చీమల బారు తీరుగనే కనవడ్తయి.

మా ఆయన నలభై దాటకముందే వంగిండు. మెడ తిప్పుదామంటె మెడ తిరుగది, మనిషి మొత్తం తిరగాలె. ఆఖరు పదేండ్లు నేల చూసుకుంటనే బతికిండు. ఎవలన్న వస్తె చెప్పులు చూసి గుర్తువట్టేటోడు. "ఏం బావా, కొత్త చెప్పులు కొన్నవా" అని నవ్వేటోడు. దవాఖానల ఎముకల ఫోటో తీసి, నీళ్లే గిట్ల చేసినయి అన్నరు. ఏ నీళ్లు? పొద్దున లేస్తె నేను బోరింగు కొట్టి బిందెల తెచ్చిన నీళ్లు. నా చేతులతోని పోసిన నీళ్లు. ఆయన పోయినంక మస్తు దినాలు నాకు బిందె ముట్టబుద్ధి గాలే. గానీ ముట్టకుంటె ఎట్లెల్తది?

తెలంగాణ వచ్చిన నాలుగైదేండ్లకు మా దిక్కు ఒక నీళ్ల సంస్థ వచ్చింది. పల్లెకొక్క ఆడమనిషిని పెట్టుకోని ఇండ్లల్ల నీళ్లు పరీక్ష జేయిస్తం అన్నరు. సదువుకున్న కోడండ్లు ఎవలూ ముందుకు రాలే, ఎండలల్ల ఎవలు తిరుగుతరని. నేను పోయి నిలవడ్డ. "సదువొస్తదా అమ్మా?" అంటె, "అంకెలొస్తయి సారు, నడక వస్తది" అన్న. పెట్టుకున్నరు.

పని గిట్ల ఉంటది. ఇంటింటికి పోయి చిన్న సీసల నీళ్లు పట్టుకోవాలె. అండ్ల మందు చుక్కలు ఏస్తె గులాబి రంగు వస్తది. గులాబి అట్లనే నిలిస్తె నీళ్లు మంచియి. పసుపుకు తిరిగితె చెడ్డయి. ఒక అట్టముక్క మీద రంగులు, రంగు కింద అంకెలు ఉంటయి. ఏ రంగుకు కలిస్తె ఆ అంకె ఫోన్ల కొట్టాలె. ముందుగాల ఫోను లేకుండె, నోటుబుక్కుల రాయించేది. ఆ బుక్కు నెలకొకపారి నల్లగొండ పోతె, అక్కడ కంప్యూటరు సారు ఒక్కొక్కటి చూసుకుంట ఎక్కించేటోడు. ఆయన ఎక్కించేటాలకు మల్ల నెల అచ్చేది. అప్పుడు ఫోన్లు ఇచ్చిండ్రు. నేను గుట్ట కాడ కొట్టిన అంకె నల్లగొండ గోడ మీద దానంతటదే రంగయ్యేటట్టు ఆ కంప్యూటరు సారే కలిపిండు. చప్పట్లు కొట్టిన దినమే ఆయనకు ఆఖరు దినం. హైదరాబాదుల వేరే కొలువు దొరికిందని ఆయన మెడల దండ ఏసిండ్రు, మాకు మైసూరుపాకు పెట్టిండ్రు.

ఆ దినమే పెద్దసారు ఇంకొక మాట చెప్పిండు. ఈ ఏడు నాలుగు పల్లెలల్ల నీళ్లు శుద్ధి చేసే ట్యాంకు కడ్తరట. ఎర్ర చుక్కలకే ముందు. పేర్లు రెండు సోమవారాలు దాటినంక మీటింగుల ఖాయం జేస్తరట. నా పక్కకు, నా తీరుగనే సీసలు పట్టే గుట్టవతలి పల్లె ఆమె కూసున్నది. ఆమె పల్లె గుడ ఆకుపచ్చనే. ఆమెకు గుడ చప్పట్లు కొట్టిండ్రు. నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వుతాంది, గారవట్టిన పండ్లు కనవడొద్దని. నేను గుడ గట్లనే నవ్వుత.

బస్సుల కూసున్నంక ఏదో లెక్క తప్పినట్టు అనిపించింది. ఏందో తెల్వది. కిటికీల నుంచి చెల్కలు పోతున్నయి, చండూరు దాటింది, నాకు ఒక్క కాడ కూసోబుద్ధి గాలే. లేసి డ్రైవరు ఎనుక నిలవడ్డ. "కూసో అవ్వా, పడ్తవు" అన్నడు. కూసోలే.

ఇంటికి పోయేటాలకు మా యారాలు అరుగు మీద కూసోని మోకాళ్లకు ఆముదం రాస్తాంది. యారాలంటె మా బావ పెండ్లాం, నాకంటె ఆరేండ్లు పెద్ద. మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ.

"ఏమాయెనే?" అన్నది.

"మన పల్లె ఆకుపచ్చ అచ్చిందక్కా. చప్పట్లు కొట్టిండ్రు."

"ఆకుపచ్చ అంటె?"

"నీళ్లు మంచిగున్నయని."

ఆముదం గిన్నె కింద పెట్టింది. "మంచిగున్నయా? అయితె గీ మోకాళ్లు నేను అంగట్ల కొనుక్కొచ్చుకున్ననా?"

నేను నవ్విన. ఆమె నవ్వలే.

"ట్యాంకు ఎవలకిస్తరట?"

"ఎర్ర చుక్కలకు."

"అంటె మనకు లేదు."

ఆముదం చేతులు కొంగుకు తుడుసుకుంట ఆమెనే అడిగింది, "సీసల ఏం నీళ్లు పట్టినవే నువ్వు?"

"మీ ఇంటియే గదా. నీ చేతులతోనే పోస్తివి."

ఆమె ఇంట్లకు తిరిగి చూసింది. నేను గుడ చూసిన. మూలకు నీలం డబ్బ, మీద బోర్లించిన స్టీలు గిలాస. అప్పుడు తెలిసింది నాకు బస్సుల ఎందుకు కూసోబుద్ధి గాలేదో.

మా దిక్కు ప్రతి ఇంట్ల రెండు తీర్ల నీళ్లుంటయి. ఒకటి బోరింగు నీళ్లు. వంటకు, తాగుటానికి, అన్నిటికి అయ్యే. రెండోది మండలంకెళ్లి ఆటోల వచ్చే ఫిల్టరు డబ్బ. దాన్ని సుట్టాల డబ్బ అంటం. ఇంటోళ్లు ముట్టరు. సుట్టం వస్తె, సారు వస్తె, బాలింత ఉంటె, దాంట్లకెళ్లి ఇస్తం. ఇంటికొచ్చినోళ్ల చేతుల బోరింగు నీళ్లు పెడితె ఇజ్జత్ పోతది. నేను సీస పట్టుకోని గడపల నిలవడితె, పాపం వాళ్లు నన్ను సూడలే, ఆఫీసును చూసిండ్రు. పెద్దోళ్ల కాడికి పోయే నీళ్లు గదా అని సుట్టాల డబ్బకెళ్లి ఒంపిండ్రు. ఒక్కలు గాదు, అందరు.

వాళ్లను అనుటానికి నాకు నోరేడిది? మొట్టమొదటి సీస నా ఇంట్ల పట్టిన. నేను గుడ నీలం డబ్బనే వంచిన. ఎందుకు వంచినవు అంటె చెప్పరాదు. చెయ్యి దానంతటదే అటు పోయింది. మొగడు ఆ నీళ్లకే వంగి పోయినదాన్ని, ఆ నీళ్లను పట్టిద్దామనే కొలువుల చేరినదాన్ని, సుట్టాల నీళ్లు పోసి పల్లెకు వచ్చే ట్యాంకు చెడగొట్టిన.

తెల్లారి సీసలు కడిగి మల్ల బయలెల్లిన.

"మొన్ననే ఇస్తిమి గదా?" అన్నది మొదటింటామె.

"అయి గాదు. మీరు తాగేయి కావాలె."

"అబ్బో, మేం ఏం తాగుతమో నీకెందుకు?"

"బిందెల నీళ్లు పొయ్యి వదినా."

"గా చౌడు నీళ్లు ఆఫీసుకు పంపితె మా ఇంటి మర్యాద ఏంగావాలె?"

"మర్యాద ఆకుపచ్చగనే ఉన్నది వదినా, మోకాళ్లే మంచిగ లెవ్వు. పొయ్యి."

ఒక ముసలాయనైతె కట్టె లేపిండు. "పోరీ, నీళ్ల కాడ నన్ను బద్నాం జేస్తవా? గీ డబ్బాలు వచ్చిన కాడికెళ్లి మా ఇంట్ల సుట్టానికి బోరింగు నీళ్లు ఇయ్యలే." ఆయన సీసను చేతుల పట్టుకోని మల్ల నీలం డబ్బ దిక్కే పోతాండు. నేను ఉరికి బిందె కాడ నిలవడి చెంబుతోని నేనే ముంచుకున్న. ఆయన తిట్టిన తిట్లు చెప్పరావు.

ఇగ నేను అడుగుడే బంద్ చేసిన. సక్కగ వంటింట్లకు పోయి, పొయ్యి మీద అన్నం ఎసట్ల నీళ్లున్నయో సూసి, అయి ఏ బిందెలకెళ్లి పోసిండ్రో ఆ బిందెల నుంచి ముంచుకున్న. ఎసరుకు ఎవలూ సుట్టాల డబ్బ వంచరు.

సీసలన్ని తెచ్చి మా అరుగు మీద వరుసగ పెట్టిన. మందు చుక్కలు ఏసిన. యారాలు గోడకు ఆనుకోని చూస్తాంది. గులాబి నిలువలే. ఒకటెనుక ఒకటి పసుపుకు తిరిగినయి. ఆఖరుకు మా ఇంటి సీస. పసుపు కొమ్ము తీరుగయ్యింది. యారాలు చూసి, "మరిది గుర్తొస్తుండే" అన్నది, అని లోపటికి పోయింది.

మా పల్లెల మాట్లాడుటానికి టవరు అందుతది గానీ నెట్టు అందది. గుట్టెక్కితె అందుతది. ఎక్కి ఒక్కో ఇంటి అంకె కొట్టిన. ఫోన్ల మా పల్లె పేరు నేను సదువలేను, గుర్తుకు మా బోరింగు ఫోటో పెట్టిండ్రు, దాని మీదనే నొక్కిన. పోయింది అన్నట్టు ఆకుపచ్చ టిక్కు వచ్చింది అన్నిటికి. దిగి వచ్చి అన్నం తిన్న.

తెల్లారి పెద్దసారుకు ఫోను చేసిన. "సారూ, మా పల్లె ఎర్రగయ్యిందా?"

"లేదమ్మా, ఆకుపచ్చనే ఉంది."

"మల్ల చూడుండ్రి సారు."

"నా కండ్ల ముందటనే ఉన్నది."

ఒక దినం ఆగి మల్ల చేసిన. అదే మాట. నేను వేరే పల్లె ఫోటో మీద నొక్కిననా? గుట్టెక్కి చూసిన, సరిగ్గనే ఉన్నది. అంకె తప్పు చూసిననా? మల్ల సీసలు పట్టి మల్ల మందేసిన. పసుపే. మల్ల గుట్టెక్కిన. మందు సీస అడుగు కనవడ్తాంది. పత్తి చేన్ల పనికి పోతె చెయ్యి నడవది, చెట్టు కాడ చెట్టు ఇడిసిపెట్టి పోతున్న. తోటోళ్లు "ఏమే, దయ్యం పట్టిందా?" అంటుండ్రు. మూడోపారి ఫోను చేస్తె సారుకు ఇసుగొచ్చింది.

"అమ్మా, నువ్వేదో తప్పు కొట్టి ఉంటవు. సిస్టం తప్పు చెప్పది."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. సోమవారం మీటింగు. అది శుక్రవారం. సీసలకు బిరడాలు బిగించి, తువాలల చుట్టి, సంచిల పెట్టుకోని నల్లగొండ బస్సెక్కిన. కండక్టరు సంచిలకు తొంగిచూసి, "ఏందమ్మా, మంచినూనెనా?" అన్నడు. "మేం తాగే నీళ్లు బిడ్డా" అన్న. టికెటు చేతుల పెట్టి ముందటికి పోయిండు.

ఆఫీసుల సారు బల్ల మీద సీసలు పేర్చిన. "ఇగో సారు, మా పల్లె."

సారు చెడ్డోడు గాదు. ఒక్కొక్క సీస ఎత్తి ఎలుగుకు పెట్టి చూసిండు. గానీ ఏమన్నడంటె, "నాలుగు సీసలు చూసి పేర్లు రాయలేనమ్మా. అందరు నాకు సీసలు తెస్తరు రేపు. అందరికి ఒక్కటే కొలత ఉండాలె, గదే ఆ తెర. అండ్ల ఎరుపు రాకుంటె నేను మీటింగుల ఏం చూపియ్యాలె?"

"నేను కొట్టిన సారు. రెండుపార్లు కొట్టిన."

"కొడితె వచ్చేది గదా."

తెర ఎదురుంగ కుర్చీల కూలవడ్డ. ఆయన పని ఆయన చేసుకుంటుండు. పొమ్మనలే, ఉండమనలే. నాకు అక్షరాలు రావు గాబట్టి నా కండ్లు అంకెలనే వెతుకుతయి, ఏడికి పోయినా గంతే. ఆ తెర కింద మూలకు, చీమ తలకాయంత అంకెలు కనవడ్డయి. లేసి దగ్గరికి పోయిన. ముందట నాలుగు అని ఉన్నది.

"సారూ, గీ నాలుగు ఏంది?"

"ఏ నాలుగు?"

"గీడ. మూలకు."

ఆయన అద్దాలు పెట్టుకోని వచ్చిండు. చూసిండు. "అది తారీఖు."

"ఈ పొద్దు పద్దెనిమిది గదా సారు?"

సారు పక్క రూముల ఉన్న కంప్యూటరు మేడంను పిలిచిండు. పాతాయన పోయినంక ఈమె కొత్తగ వచ్చింది. జడ్చర్లల ఏదో మందుల ఫ్యాక్టరీల గిదే పని చేసిందట. ఇద్దరు పిల్లల తల్లి. తెర చూసింది, నాలుక కరుసుకున్నది.

"సార్, ఇది పద్నాలుగు దినాలకెళ్లి కొత్తగ ఏం తెచ్చుకోలేదు."

"అంటె?"

"నాలుగో తారీఖు ఏది తెచ్చుకుందో అదే చూపెట్టుకుంట కూసున్నది. మండలం మొత్తం."

నేను కొట్టిన అంకెలు ఏడికి పోయినయి మరి? ఆమెనే అడిగిన. "అయి ఏం కాలేదు పెద్దమ్మా, పైలంగ ఉన్నయి" అన్నది. కుర్చీ జరిపి నన్ను పక్కకు కూసోవెట్టుకున్నది. నువ్వు ఫోన్ల కొట్టిన అంకె సక్కగ ఈ తెర మీదికి రాదు అన్నది. ముందు దూరంల ఎక్కడనో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటయట, కిరాయికి తీసుకున్న గోదాం లెక్క, దాన్నే క్లౌడు అంటరట. నీ అంకె ఆ గోదాంల పడ్తది. ఈ రిపోర్టు తెర దినాము పొద్దున ఆ గోదాంకు పోయి, తాళం తీసుకోని, కొత్తయి తెచ్చి రంగులేస్తది. పాత సారు దీన్ని కలిపినప్పుడు ఆయన సొంత పేరు మీద తాళంచెవి చేయించిండట. ఆయన కొలువు ఇడిసిపెట్టంగనే ఆయన పేరు తీసేసిండ్రు, తాళంచెవి చెల్లకుంట పోయింది. ఆ దినం నుంచి ఈ తెర రోజు గోదాం దాక పోతాంది, తలుపు తెరుసుకోక మర్లి వస్తాంది.

"మరి రానప్పుడు రాలేదని చెప్పొద్దా అది?" అన్న.

"చెప్తది పెద్దమ్మా. పాత సారు ఈ-మెయిలుకు చెప్తది. ఆయన లేడాయె."

"ఓర్నీ" అన్నడు సారు, ఆయననే ఆయన అనుకున్నట్టు.

ఆమె మల్ల కలిపింది. ఈపారి ఎవలి సొంత పేరు మీద గాదు, ఆఫీసు పేరు మీద చేసింది, మనిషి పోయినా తెగకుంట. ఒకవేళ తెగితె ముగ్గురి ఫోన్లకు కబురు పోయేటట్టు పెట్టింది. తెర మీద గుండ్రంగ ఏదో తిరుగుతాంది. నేను కుర్చీల కూసోలేకపోయిన. నిలవడ్డ. ఒక చుక్క మారింది, మాది గాదు. ఇంకొకటి. అగో, మాది. ఎర్రగయ్యింది.

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. నా పల్లెకు ఎరుపు అచ్చిందని సంబురపడ్తున్న, ఇది ఏం సంబురం?

సారు అప్పుడే కాయితం తీసిండు. ఎర్ర చుక్కల అంకెలు చూసి, ఎక్కువ చెడ్డది ముందుగ వరుస రాసుకున్నడు. "మీది నాలుగోది అమ్మా. సోమవారం పేరు ఖాయం అయితది. ఇగ ఇంటికి పో, తిని పండు. ఫికర్ చెయ్యకు."

మెట్లు దిగిన. బస్టాండుకు నడిచిన. బస్సు ఉన్నది, సీటు దొరికింది. కూసున్న. నాలుగోది. యారాలుకు పోయి చెప్పాలె. డబ్బాలు కొనే బాధ తప్పుతది, పిల్లల పండ్లు తెల్లగుంటయి. అంత మంచిగనే ఉన్నది గానీ, మల్ల ఆ దినం తీరుగనే కూసోబుద్ధి గాలే.

గుట్టవతలి పల్లె ఆమె కండ్లల్ల మెదిలింది. కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది గదా. ఆమె పండ్లు గుడ నా పండ్లే. ఆమె చుక్క తాళంచెవి మారిచినంక గుడ ఆకుపచ్చనే ఉన్నది, నేను చూసిన. ఎందుకుండది? వాళ్ల పల్లెల గుడ సుట్టాల డబ్బలే గదా. మేడం దారి సక్కజేసింది, నిజమే. ఆ దారిల గుట్టవతలి ఆమె పంపినయే వస్తయి. నేను మల్ల సీసలు కడిగి తిరిగిన గాబట్టి మాది ఎరుపైంది. ఆమెకు చెప్పినోళ్లెవలు?

చెప్తె ఏమైతది? సారు మల్ల అన్ని పల్లెలు చూపియ్యాలె అంటడు. నాలుగో పేరు ఉంటదో పోతదో. చెప్పకుంటె మా పల్లెకు ట్యాంకు వస్తది. మేం గుడ మన్సులమే గదా, మాకు రావొద్దా? మా ఆయన వంగి సచ్చిపోలేదా? గిట్ల నాతోని నేనే కొట్లాడుతున్న. డ్రైవరు ఎక్కి బండి షురూ చేసిండు. నేను సంచి పట్టుకోని దిగిన. "ఏడికి పోతున్నవమ్మా, టికెటు తీసుకోవా?" అంటుండు కండక్టరు.

మెట్లెక్కంగనే సారు తలకాయ పట్టుకున్నడు. "ఏందమ్మా మల్ల? మీ పేరు ఎక్కింది గదా."

చెప్పిన. సుట్టాల డబ్బ సంగతి మొత్తం, నా ఇంటితో సహా. "ఆ మిగిలిన ఆకుపచ్చయి గుడ నమ్మకుండ్రి సారు. అయి నీళ్లు గావు, మర్యాదలు."

కంప్యూటరు మేడం తలుపు కాడ నిలవడి వింటాంది. "నేను కలిపిన దాంట్ల ఏం వస్తాందో నాకెట్ల తెలుస్తది పెద్దమ్మా" అన్నది మెల్లగ. సారు పెన్ను కింద పెట్టిండు. "నీకు తెలుసునా, ఇట్లయితె మీటింగు ఎనుకకు పోతది? మీ పేరు ఉంటదని నేను చెప్పలేను."

"తెలుసు సారు."

సంచి భుజానికి ఏసుకోని మెట్లు దిగిన.

మీటింగు మూడు వారాలు ఎనుకకు పోయింది. నన్ను జీపుల ఏసుకోని పల్లె పల్లె తిప్పిండ్రు, సీస పట్టే ఆడోళ్లకు చూపియ్యుమని. నేను చూపెట్టేదేమున్నది? వంటింట్లకు పో, ఎసరు చూడు, అదే బిందెల ముంచు. గంతే. గుట్టవతలి పల్లెకు పోయినప్పుడు ఆమె ఇంట్లనే ముంచినం. మందు ఇంక సగం చుక్కలు ఏయకముందే సీస పసుపుకు తిరిగింది. మాకంటె చెడ్డగ. వాళ్ల అత్త గోడ పట్టుకోని వచ్చి మా ముందట నిలవడ్డది. తలకాయ లేపలే. లేపరాదు ఆమెకు. మా కాళ్ల దిక్కే చూసుకుంట, "ఎంతమంది వచ్చిండ్రు బిడ్డా?" అని అడిగింది. నేను బయటికొచ్చి జీపు ఎనుకకు పోయిన, ఎవలకు కనవడకుంట.

ఇగ మా పల్లెల సంగతి చెప్పాలె. నాలుగో పేరు మాదని జీపు డ్రైవరు చెప్పిండో, ఎవలు చెప్పిండ్రో, అందరికి తెలిసింది. వచ్చినదాన్ని నేనే పోగొట్టినని గుడ తెలిసింది. కట్టె లేపిన ముసలాయన నన్ను చూస్తె ఉమ్మేసేటోడు. "నోరు మూసుకోని బస్సుల కూసోరాదా?" అన్నది మొదటింటామె మొఖం మీదనే. యారాలు ఏమనలే. అదే నాకు కష్టమైంది. గోడ అవతల ఆమె దగ్గుతె ఇనవడ్తది, గిన్నె కడిగితె ఇనవడ్తది, నన్ను మాత్రం పిలువది.

ఫోను వచ్చినప్పుడు మేమందరం పత్తి ఏరుతున్నం. వరుసల మా యారాలు నాకు రెండు సాళ్ల అవతల ఉన్నది. సారు గొంతు. "అమ్మా, మీది ఆరోది వచ్చింది. ఈ ఏడు నాలుగే. మీకు వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు ఖాయమేనా సారు?"

"చూద్దాం అంటున్న గదమ్మా."

ఫోను బొడ్ల చెక్కుకున్న. అందరు నా మొఖం చూస్తుండ్రు. "ఆరోదట" అన్న. అందరు మల్ల పత్తికి వంగిండ్రు. ఒకామె, "ఆరోదంటె ఏడోదానికంటె నయమే" అన్నది, ఎవలూ నవ్వలే.

అప్పుడు యారాలు, నెల దినాల తర్వాత మొదటిపారి, నా దిక్కు చూడకుంటనే అడిగింది. "నాలుగోది ఎవలకు పోయిందే?"

"గుట్టవతలి పల్లెకు."

"ఆడ ఎట్లున్నదట?"

"వాళ్ల అత్త తలకాయ లేపలేకపోతాంది అక్కా. మన కాళ్లు చూసి మన్సుల్ని లెక్కవెడ్తాంది."

యారాలు చెయ్యి ఆగింది. పత్తికాయ పట్టుకోని గట్లనే నిలవడ్డది. నన్ను తిడ్తదేమో అనుకున్న. మోకాలు పట్టుకోని మెల్లగ వంగి, నేను పొద్దటిసంది ఆగమాగం ఇడిసిపెట్టుకుంట వచ్చిన చెట్లల్ల ఒకదాని దగ్గరికి వచ్చి, దాని పత్తి ఏరి నా ఒడిల ఏసింది. "సాలు ఇడువకే" అన్నది. ఇద్దరం ఆ సాలు పట్టుకోని కొస దాక పోయినం.